మారుపలుకు

పోయినవారం లిఫ్టమ్మాయిని మెషిన్ రూము గుమ్మంలో, నోట మాట రాని స్థితిలో వదిలేసి వచ్చాం. పాపం, వారమంతా అక్కడే నిలబడి ఉంది. ముందు ఆమెను లోపలికి నడిపిద్దాం.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం రెండు ముక్కలు. లిఫ్టమ్మాయికి నలభై దాటాయి. తండ్రి వెనకాల పనిముట్ల సంచి మోసుకుంటూ తిరిగిన రోజుల్లో ఎవరో పెట్టిన పేరు అది. తండ్రి పోయాక లిఫ్టులన్నీ ఆమె చేతికొచ్చాయి, పేరు మాత్రం అమ్మాయి దగ్గరే ఆగిపోయింది. ఆమె ఎవరి దగ్గరా ఉద్యోగి కాదు. ఎవరి లిఫ్టు మొండికేస్తే వాళ్లు ఫోన్ చేస్తారు, ఆమె వెళుతుంది. ఒకప్పుడు ఏ వీధిలోకి వెళ్లినా వాళ్ల చేతి కింద ఒక భవనం ఉండేది. పెద్ద కంపెనీ ఒక్కొక్కటే ఎగరేసుకుపోగా, చెప్పుకోదగ్గది ఈ అయిదంతస్తుల పాత భవనం ఒక్కటే మిగిలింది. అదీ ఈ సాయంత్రానికి ఉంటుందో ఊడుతుందో తెలియదు.

లిఫ్టు కొన్నాళ్లుగా కీచుమంటోందని భవన సంఘానికి పెద్ద అయిన లెక్కల టీచరుగారు అంటున్నారు. కీచూ లేదు, గీచూ లేదు, రోజూ ఎక్కి దిగి చూస్తున్నానని లిఫ్టమ్మాయి అంటోంది. మాటా మాటా పెరిగింది. "శబ్దం ఉందని తేలితే మళ్లీ ఈ గడప తొక్కను" అని ఆమె నలుగురి ముందూ అనేసింది కూడా. సాయంత్రం అందరూ కింద హాల్లో కూర్చుని, లిఫ్టును ఆమెకే ఉంచాలా, కంపెనీకి అప్పగించాలా అన్నది తేలుస్తారు. ఆలోపు ఇంకోసారి చూసుకుందామని మధ్యాహ్నం డాబా మీదికి ఎక్కి వచ్చేసరికి, మెషిన్ రూములో మోటారు పక్కన, కంపెనీ చొక్కా తొడుక్కుని కూర్చుని ఉన్నాడు గ్రీజు బాబాయ్.

ఈ బాబాయ్ రక్తసంబంధం కాదు, అంతకన్నా దగ్గర. నాన్నకు కుడిభుజం. ఇద్దరిదీ ఒకే స్కూటరు, ఒకే సంచి, ఒకే టీ రెండు కప్పుల్లో. అలాంటివాడు ఒకనాడు చెప్పాపెట్టకుండా కంపెనీ ఉద్యోగంలోకి వెళ్లిపోయాడు. ఆ తర్వాత నాన్న అతని పేరెత్తలేదు. నాన్న పోయిన రోజున మాత్రం వచ్చి, మూల నిలబడి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయాడు.

"కూర్చో తల్లీ" అన్నాడు ఇప్పుడు, తన ఇంటికొచ్చిన చుట్టంతో అన్నట్టు.

లిఫ్టమ్మాయికి ఒళ్లు మండింది. బాబాయ్ కూర్చున్న చెక్కబల్ల నాన్నది. బోర్లించిన నూనెడబ్బా బాబాయ్‌ది. కిటికీ గట్టు తనది. ఇన్నేళ్ల తర్వాత వచ్చి చోటు మార్చి కూర్చుంటే ఎవరికి మాత్రం మండదు?

"అది నాన్న బల్ల" అంది.

బాబాయ్ గబుక్కున లేచి, కాలితో నూనెడబ్బాను లాక్కుని దానిమీద సర్దుకున్నాడు. మోకాళ్లు రెండూ పటపటమన్నాయి. ఆ లేవడం చూశాక ఆమె కోపం సగం ఎటో పోయింది. అయినా పోలేదన్నట్టే నిలబడింది.

ఆ గదిని ఒకసారి చూడాలి మీరు. నలుగురు నిలబడితే అయిదోవాడికి చోటుండదు. మధ్యలో ఆకుపచ్చ రంగు మోటారు, దాని పక్కన చేత్తో తిప్పే ఇనుప చక్రం, నేలలో రెండు కన్నాలు. ఆ కన్నాల్లోంచే ఇనుప తాళ్లు కిందికి దిగి లిఫ్టు పెట్టెను మోస్తాయి. గోడకు మేకు, మేకుకు గుడ్డ. గ్రీజూ వేడి ఇనుమూ కలిసిన వాసన. ఆ వాసన తగిలితే లిఫ్టమ్మాయికి ఈనాటికీ ఆకలేస్తుంది. బడి వదలగానే తిన్నగా ఇక్కడికే వచ్చి, కిటికీ గట్టు మీద కూర్చుని టిఫిన్ డబ్బా ఖాళీ చేసేది మరి.

"భవనం లాక్కోడానికి వచ్చావా?" అంది.

"నిన్ను చేర్చుకోడానికి వచ్చా." బాబాయ్ జేబులోంచి ఫోన్ తీసి తెరిచాడు. "ఒప్పుకున్నట్టు ఇక్కడ ఒక్క వేలు పెడితే చాలు. ఈ భవనం కంపెనీదవుతుంది, దీని పని నీ దగ్గరే ఉంటుంది. సాయంత్రం గొడవే ఉండదు."

"ఓహో, ఉద్యోగం! నెల తిరిగేసరికి జీతం, జ్వరమొస్తే ఇంట్లో పడుకున్నా జీతం. నాన్న ఉంటే పడీ పడీ నవ్వేవాడు. జ్వరమొస్తే మెట్లెక్కి దిగు, చెమట పట్టి అదే పోతుందనేవాడు."

బాబాయ్ నవ్వలేదు. ఫోన్ బోర్లించి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"ఉద్యోగాలెక్కడున్నాయమ్మా? పోయినేడాది మమ్మల్నందర్నీ ఒక పెద్ద హాల్లోకి పిలిచారు. ఇవాళ్టి నుంచి మీరు ఉద్యోగులు కారు, మా భాగస్వాములు అన్నారు. చప్పట్లు కూడా కొట్టించారు. భాగం ఎంతండీ అని అడిగినవాణ్ణి మర్నాటి నుంచి పనికి పిలవలేదు."

"మరి జీతం?"

"ఫోన్ మోగితే పని, పనుంటే డబ్బు. మోగకపోతే మోగేదాకా దాని మొహం చూస్తూ కూర్చోవడం. వెళ్లినచోట లిఫ్టు బాగుచేయడం ఒక ఎత్తు, నవ్వడం ఒక ఎత్తు. నవ్వు బాగుందో లేదో నక్షత్రాలు వేస్తారు. మొన్న ఒకావిడ, లిఫ్టు బాగానే ఉంది కానీ మనిషి ముభావంగా ఉన్నాడని ఒక నక్షత్రం కోసేసింది. ఈ వయసులో అద్దం ముందు నిలబడి నవ్వడం నేర్చుకుంటున్నాను." చొక్కా కాలరు పట్టుకుని లాగాడు. "ఇది కూడా నేనే కొనుక్కోవాలి. ఉతుక్కోవడం సరేసరి."

లిఫ్టమ్మాయి నవ్వకూడదనుకుంది. నవ్వు ఆగలేదు. చివరికి కిటికీ గట్టు ఎక్కి కూర్చుంది.

"అయితే నువ్వూ జీతం లేని మాలో కలిశావన్నమాట."

"మీలోనా? మీకు వద్దనడానికి నోరుంది. నేను వరసగా వద్దంటే నా పేరు జాబితాలో అడుక్కి పోతుంది. మీ నాన్న సంగతి గుర్తుందా? తలుపు తన్నేవాళ్ల లిఫ్టు బాగుచేయనని ఆ సినిమాహాలు మేనేజరుతో ఎదురుగానే చెప్పి వచ్చేశాడు. వాడే మర్నాడు ఇంటికొచ్చి బతిమాలుకున్నాడు."

గుర్తులేకేం! ఆ మేనేజరు బూట్లు గుమ్మంలో విప్పి లోపలికి రావడం, అమ్మ ఆయనకి ఇచ్చిన మంచినీళ్లు, అన్నీ గుర్తున్నాయి. అప్పటి రోజులు వేరు. పనివాడి పేరు నోటినుంచి నోటికి నడిచి వెళ్లేది. ఏ లిఫ్టు ఏ కీలు దగ్గర నొప్పి పడుతుందో నాన్నకు తెలుసు, నాన్నకు టీలో చక్కెర ఎంతో ప్రతి భవనం కాపలావాడికీ తెలుసు. సెలవు లేదు, పింఛను లేదు, రేపటి సంగతి రేపటికే తెలిసేది. అయినా స్కూటరు మీద ముగ్గురూ ఇరుక్కుని పోతుంటే వీధి మొత్తం తమదే అనిపించేది. ఆ రోజులు మళ్లీ రావని లిఫ్టమ్మాయికి తెలుసు. తెలిసినా వాటి మీద బెంగ పోదు కదా.

"నీ ఫోన్ మోగుతోంది" అన్నాడు బాబాయ్.

ఆమె తీసి చూసింది. టీచరుగారు. ఇంతకుముందు కూడా చేసి వదిలేశారు. "ఇదొకటి, సరిగ్గా మోగి చావదు" అంటూ దాన్ని సంచిలో పడేసింది. "ఎత్తినా లాభం లేదు. ఈ మధ్య ఆవిడ మాట్లాడటం మానేసి గొణగడం మొదలుపెట్టారు. మళ్లీ నన్నే విసుక్కుంటారు."

బాబాయ్ తన ఫోన్ మళ్లీ ముందుకు జరిపాడు.

"వేలు పెట్టు తల్లీ. పాత మెకానిక్కుల్ని తీసుకొస్తే నన్ను ఉంచుతారు. దాచడమెందుకు, నా పొట్ట కోసమే అడుగుతున్నా."

ఇన్నేళ్లుగా అణచుకున్నది ఒక్కసారిగా పైకొచ్చింది.

"నీ పొట్ట కోసమే కదా అప్పుడు నాన్నని వదిలేశావు? నువ్వు వెళ్లాక రెండో మనిషి లేక, నన్ను చదువు మాన్పించి పనిలో పెట్టుకున్నాడు. ఇద్దరు చేయాల్సిన పని ఒక్కడూ ఎన్నాళ్లు లాగుతాడు? ఒక్కసారైనా వచ్చి చూశావా? కంపెనీ నీకేం ఇచ్చింది బాబాయ్? రెండు వేళ్లు తీసుకుంది!"

బాబాయ్ ఎడమచేయి చూసుకున్నాడు. చివరి రెండు వేళ్లూ సగానికి ఆగిపోయి ఉన్నాయి. చేతులు శుభ్రంగా ఉన్నాయి, గోళ్లలో కూడా నలుపు లేదు. గ్రీజు బాబాయ్ చేతులు అలా తెల్లగా ఉండటం ఆమెకు ఎందుకో అన్నిటికన్నా బాధగా అనిపించింది.

"ఇవి కంపెనీలో పోలేదు" అన్నాడు. "ఇక్కడే పోయాయి. ఆ కన్నం కింద."

"ఏమిటీ?"

"నేను పెట్టె నెత్తిన నిలబడి పెట్టె జారే పక్క పట్టా బిగిస్తున్నాను. మీ నాన్న ఇక్కడ చక్రం దగ్గర. చేయి పట్టాలో ఇరుక్కుంది. ఆపమని అరిచాను. మీ నాన్న తిప్పుతూనే ఉన్నాడు."

"అబద్ధం."

ఆ మాట ఆమె ఆలోచించి అన్నది కాదు. నాన్న ఆపకపోవడమేమిటి? వాళ్ల పనికి ఉన్నది ఒకే ఒక్క నియమం, అది పెట్టిందే నాన్న. పెట్టె మీద ఉన్నవాడు ఏ మాట అంటే, చక్రం దగ్గర ఉన్నవాడు ఆ మాట తిరిగి అనాలి. "తిప్పు!" అంటే "తిప్పుతున్నా!" "ఆపు!" అంటే "ఆపా!" మారుపలుకు లేకుండా చక్రం మీద చేయి పడకూడదు. వాళ్లిద్దరూ పని చేస్తుంటే ఆ అరుపులు అయిదంతస్తులూ వినిపించేవి. పిల్లలు మెట్ల మీద కూర్చుని వంతులేసుకుని అరిచేవాళ్లు. ఇంట్లోనూ అదే అలవాటు. అమ్మ "భోజనానికి రండి" అంటే నాన్న "వస్తున్నా" అని, కూర్చున్నాక "వచ్చా" అని కూడా అనేవాడు. ఇది ఇల్లా లిఫ్టా అని అమ్మ తల పట్టుకునేది.

"మీ నాన్నకి వినపడలేదు తల్లీ."

"నాన్నకి వినపడకపోవడమా? మోటారు మీద స్క్రూడ్రైవరు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, లోపల ఏ బేరింగు బంతి అరిగిందో చెప్పే మనిషి!"

"చెప్పేవాడు, ఒకప్పుడు. చెవులు ముందే పోయాయి. ఇంత గదిలో, ఇంత మోటారు పక్కన, ఒక జీవితమంతా ఉన్నాడు. ముందు సన్నటి శబ్దాలు పోయాయి, తర్వాత మాటలు. నా పెదాలు చూసి నెట్టుకొచ్చేవాడు. నాకు కూడా ఆ రోజుదాకా తెలియనివ్వలేదు." బాబాయ్ కన్నం వైపు చూశాడు. "అందులోంచి పెదాలు కనిపించవుగా."

కింద ఎక్కడో ఎవరో తలుపు వేసుకున్నారు. కిటికీ అద్దం అదిరింది.

"ఆస్పత్రిలో నాకన్నా ఎక్కువ ఏడ్చింది ఆయనే. కాళ్లు పట్టుకోబోయాడు. నేనే, ఛ, ఊరుకో అన్నయ్యా అని తిట్టాను. అప్పుడు చెప్పాడు, నువ్వు కంపెనీకి వెళ్లిపోరా, వేళ్లు అక్కడే పోయాయని చెప్పరా అని. మన పనికి పేరొక్కటే పెట్టుబడి. చెవిటివాడికి లిఫ్టు ఎవడిస్తాడు? సెలవు పెట్టి వైద్యం చేయించుకోడానికి మనకి సెలవేది? పక్కనుంటే నేను ఎప్పుడో నోరు జారతానని ఆయనకి భయం. సరే అన్నాను. పారిపోయినవాడిలా వెళ్లిపోయాను. ఈ లోకంలో ఒక్కడైనా నన్ను తిట్టకుండా ఉన్నాడంటే అది ఆయనే."

నాన్న బాబాయ్ పేరు ఎందుకు ఎత్తలేదో లిఫ్టమ్మాయికి ఇప్పుడు అర్థమైంది. అది కోపమని ఇల్లంతా అనుకుంది.

"మరి ఆ తర్వాత అన్నేళ్లు ఎలా చేశాడు?" అంది.

బాబాయ్ ఆమె పనిముట్ల సంచి వైపు చూపించాడు.

"నీతో చేశాడు. నిన్ను అడిగేవాడు కాదూ, ఏమంటోంది అని?"

అడిగేవాడు. ప్రతి భవనంలో, ప్రతి మోటారు దగ్గరా. స్క్రూడ్రైవరు పిడి ఆమె చెవికి పెట్టి, కళ్లు చిన్నవి చేసి, "నువ్వు చెప్పు, ఏమంటోంది?" అనేవాడు. గరగరమంటోంది నాన్నా. టకటకమంటోంది నాన్నా. "శభాష్!" అని వీపు తట్టేవాడు. అది పాఠం అనుకుంది. పరీక్ష అనుకుంది. తనకు అన్నీ తెలిసి కూడా కూతురి నోట చెప్పించుకుంటున్నాడని మురిసిపోయింది. ఏ స్నేహితురాలి తండ్రీ కూతుర్ని అంత లక్ష్యపెట్టి అడగడని వాళ్ల దగ్గరే గొప్పలు కూడా చెప్పుకుంది. నిజంగా తెలియకే అడిగాడని, తన చెవి తప్ప ఆయనకు ఇంకో చెవి లేదని ఒక్కరోజు కూడా తోచలేదు.

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. ఇంటికి తొందరగా పోవాలని ఉన్న రోజుల్లో, సరిగ్గా వినకుండానే "ఏమీ అనడం లేదు నాన్నా, బాగానే ఉంది" అనేసేది. ఆ మాట మీదే ఆయన పెట్టె మూసి మనుషుల్ని ఎక్కించేవాడు. ఎంత నమ్మాడు తనని! లిఫ్టమ్మాయి మోచేతిలో మొహం దాచుకుని ఏడ్చింది. బాబాయ్ ఊరుకోబెట్టలేదు. మేకుకున్న గుడ్డ తీసి ఇచ్చాడు. ఆ గుడ్డ నిండా గ్రీజే. మొహం తుడుచుకుంటే నుదుటి నుంచి గడ్డం దాకా నల్లగా అంటుకుంది. అది చూసి అతను నవ్వాడు, అద్దం ముందు నేర్చుకున్న నవ్వు కాదు.

"లే. సాయంత్రం మీటింగు ఉంది కదా. ఆ కీచు సంగతేదో తేల్చేద్దాం, పాతరోజుల్లోలా. శబ్దం లేకపోతే టీచరమ్మతో నేనే చెబుతా. కంపెనీ ఏమన్నా సరే."

"లేదు బాబాయ్. నేను చూశాగా."

"లేకపోతే ఇంకా మంచిది."

మెయిన్ స్విచ్ ఆపేశారు. బాబాయ్ కంపెనీ చొక్కా విప్పి మేకుకు తగిలించి, బనీనుతో మెట్లు దిగి, పై అంతస్తు తలుపులోంచి పెట్టె నెత్తిన అడుగుపెట్టాడు. లిఫ్టమ్మాయి ఒక చేత్తో బ్రేకు వదులు చేసి పట్టుకుని, రెండో చేయి చక్రం మీద వేసి, కన్నం మీదికి వంగింది. కింద టార్చి వెలుగులో బాబాయ్ తల పైకెత్తాడు. నోరు తెరిచాడు.

"తిప్పు!"

"తిప్పుతున్నా!"

ఎన్నేళ్లయిందో ఆ మాట అని! ఒళ్లంతా జల్లుమంది. నాన్న బల్ల మీద కూర్చుని చూస్తున్నట్టే ఉంది. చక్రం నెమ్మదిగా తిరిగింది, తాళ్లు కదిలాయి, పెట్టె దిగసాగింది. బాబాయ్ తల వంచుకుని పక్క పట్టాను చూస్తున్నాడు, నెత్తిమీద పలచబడ్డ జుట్టు తప్ప ఏమీ కనిపించడం లేదు. ఆమె తిప్పింది. ఇంకా తిప్పింది. సాయంత్రం గెలుస్తాననిపించింది. గెలిచాక బాబాయ్‌ని తనతోనే ఉండిపొమ్మనాలని, ఇద్దరూ కలిస్తే పోయిన భవనాలు ఒకటి రెండైనా తిరిగి రాకపోవని లెక్కలు వేసుకుంటూ తిప్పింది.

అరచేతి కింద చక్రం ఒక్కసారిగా అదిరింది. తాళ్లు వణికాయి. కింద ఎవరో ఇనుముతో బాదుతున్నట్టు మళ్లీ మళ్లీ వణికాయి. ఆమె చక్రం వదిలేసి బ్రేకు బిగించింది.

కాసేపటికి బాబాయ్ మెట్లెక్కి వచ్చాడు. చేతిలో స్పానరు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"చేయి... చేయి పెట్టావా?" అంది.

రెండు చేతులూ చూపించాడు. "లేదులే. ఒకసారి పెట్టినవాణ్ణి." రొప్పుతూ గోడకు చేరగిలబడ్డాడు. "ఆపమని ఎన్నిసార్లు అరిచానో తెలుసా?"

"అరిచావా?"

"ఆ కీచు వినే కదా అరిచింది! పళ్లు జివ్వుమన్నాయి."

"ఏ కీచు?"

బాబాయ్ ఆమె మొహంలోకి చూశాడు. వెళ్లి మెయిన్ స్విచ్ వేసి, లిఫ్టును కిందికి పంపాడు. ఆమె నేల మీద మోకాళ్లూని, చెవి కన్నానికి ఆనించింది. గుయ్యిమని మోటారు. అంతే. రోజూ ఉండేదే. తల తిప్పి చూస్తే, బాబాయ్ మొహం ఉన్నట్టుండి ముడుచుకుంది, పళ్లు బిగిశాయి, మళ్లీ విడివడ్డాయి. కాసేపటికి మళ్లీ ముడుచుకుంది. లిఫ్టు ఎక్కడ కీచుమంటోందో ఆమె అతని మొహంలో చూసి తెలుసుకుంటోంది.

ఆ సంగతి తెలిసొచ్చాక ఆమె నేల మీదే ఉండి, సంచిలోంచి స్క్రూడ్రైవరు తీసి, మోటారుకు ఆనించి, పిడి బాబాయ్ వైపు చాపింది.

"నువ్వు చెప్పు బాబాయ్" అంది. "ఏమంటోంది?"

బాబాయ్ పిడి అందుకోలేదు. అతని చూపు ఆమె భుజం మీదుగా వెనక్కి వెళ్లి అక్కడే ఆగిపోయింది. ఆమె తిరిగి చూసింది.

గుమ్మంలో లెక్కల టీచరుగారు, అన్ని మెట్లూ ఎక్కిన ఆయాసంతో, ఒక చేత్తో తలుపు పట్టుకుని, రెండో చేత్తో దాన్ని కొడుతూ నిలబడి ఉన్నారు. పెదాలు కదులుతున్నాయి. ఎప్పటినుంచి కొడుతున్నారో, ఎప్పటినుంచి పిలుస్తున్నారో లిఫ్టమ్మాయికి తెలియదు.